గ్లాసెడు నీళ్ళతో మొదలయ్యే పాఠం

టీచరుగారు కుళాయి తిప్పి ఒక గాజు గ్లాసు నింపుకొచ్చి బల్ల మీద పెట్టారు. చుట్టూ పన్నెండు మంది. సిరియా, ఎరిత్రియా, ఫిలిప్పీన్స్, పంజాబ్, యుక్రెయిన్, మన ఖమ్మం. అందరూ కెనడాలో మానిటోబా రాష్ట్రపు విన్నిపెగ్ నగరానికి కొత్తగా వచ్చినవాళ్ళు. ఇంగ్లీషుకి నోరు తిరగాలని వారానికో సాయంత్రం ఆ గదికి వస్తారు. నేను సాయానికి వెళ్ళేవాణ్ణి. టీ కాచడం, కుర్చీలు వేయడం, ఎవరి పక్కనైనా కూర్చుని తప్పులు పట్టకుండా వినడం నా పని.

"వేర్ డజ్ దిస్ వాటర్ కమ్ ఫ్రమ్?" అని అడిగారావిడ.

ఆ ప్రశ్న అక్కడ అందరికీ కంఠతా వచ్చు. బస్సులో, దుకాణంలో, ఆస్పత్రిలో రోజూ ఎవరో ఒకరు వాళ్ళని అడిగేదే: వేర్ డు యూ కమ్ ఫ్రమ్? ఇన్నాళ్ళూ జవాబు చెప్పడమేగాని, అదే ప్రశ్న తామూ వేయవచ్చనీ, అందులోనూ నీళ్ళని అడగవచ్చనీ ఎవరికీ తట్టలేదు. "ఫ్రమ్ ట్యాప్" అన్నారొకరు. "ఫ్రమ్ పైప్" అన్నారింకొకరు. ఊరి నడుమ రెండు నదులు కలుస్తాయి గనుక "ఫ్రమ్ రివర్" అన్నాడు పంజాబీ తాతగారు. ఆవిడ ఏదీ కాదనలేదు. గోడ మీది పటంలో నగరం దగ్గర వేలు పెట్టి, తూర్పుకి జరుపుకుంటూ పోయి, ఒంటారియో సరిహద్దు దగ్గర ఒక సరస్సు మీద ఆపారు. షోల్ లేక్.

1919 నుంచి విన్నిపెగ్ తాగుతున్నది ఆ సరస్సు నీళ్ళే. దాదాపు 150 కిలోమీటర్ల కాంక్రీటు కాలువలో, వాలుని బట్టి, వాటంతటవే నడిచొస్తాయి. ఆ సరస్సు ఒడ్డున షోల్ లేక్ 40 అనే అనిషినాబె ప్రజల ఊరుంది. నగరానికి నీళ్ళు మళ్ళించడానికి తవ్విన తవ్వకంతో ఆ ఊరు దీవిలా తెగిపోయింది. ఎండాకాలం పడవ, చలికాలం గడ్డకట్టిన సరస్సు మీద నడక. 1997 నుంచి 2021 దాకా, అంటే 24 ఏళ్ళు, ఆ ఊళ్ళో కుళాయి నీళ్ళు కాచుకోకుండా తాగడానికి వీల్లేకపోయింది. సీసా నీళ్ళ మీద బతికారు. ఏడాది పొడుగునా నడిచే రోడ్డు 2019లోగాని పడలేదు.

ఇదంతా ఆవిడ ఉపన్యాసంలా చెప్పలేదు. ఆ సాయంత్రం బోర్డు మీదికెక్కిన మాటలు ఇవే: ట్యాప్, బాయిల్, బాటిల్, లేక్, రోడ్, బోట్, ఐస్. ఇంగ్లీషు మొదటి మెట్టు మీద ఉన్నవాడికి ఎలాగూ కావలసిన మాటలే. వాటితోనే వాళ్ళు ఒకరినొకరు అడిగి తెలుసుకున్నారు. "దే బాయిల్ వాటర్?" "యెస్." "హౌ మెనీ ఇయర్స్?" "ట్వెంటీ ఫోర్." ఎరిత్రియా యువకుడు ఆ సంఖ్య రెండోసారి అడిగాడు. తన వయసు అంత లేదని చెప్పాడు.

నేను మెచ్చుకుంటున్నది ఈ పనితనాన్ని. వలస వచ్చినవాళ్ళకి ఈ దేశపు మూలవాసుల చరిత్ర చెప్పాలని కెనడాలో ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. 2015లో సత్య సయోధ్య కమిషన్, మానిటోబాకే చెందిన అనిషినాబె న్యాయమూర్తి ముర్రే సింక్లెయిర్ అధ్యక్షతన ఇచ్చిన నివేదికలో 94 కార్యాచరణ పిలుపులున్నాయి. వాటిలో చివరి రెండూ కొత్తగా వచ్చేవాళ్ళ గురించే. వాళ్ళకిచ్చే సమాచారంలోనూ పౌరసత్వ పరీక్షలోనూ ఒడంబడికల చరిత్ర, రెసిడెన్షియల్ స్కూళ్ళ చరిత్ర ఉండాలనీ, పౌరసత్వ ప్రమాణమే మారాలనీ. చెప్పాలన్నది సరే, ఎలా చెప్పాలి? నేను చూసినంతలో చాలాచోట్ల భాష నేర్పడం, చరిత్ర చెప్పడం అనే రెండు పనులూ వేరు గదుల్లో నడుస్తాయి. ఒక గదిలో వాతావరణం, కిరాణా, డాక్టరు అపాయింట్‌మెంట్. ఇంకో గదిలో తెర మీద బొమ్మలు, పెద్ద పెద్ద మాటలు, అర్థమైనట్టు తలలూపే జనం. ఈ టీచరుగారు గోడ కొట్టేశారు. నేర్చుకునేవాడికి ఈ వారం ఏ ఇంగ్లీషు ముక్క కావాలో దాన్నే తీసుకుని, అందులో ఏ చరిత్ర దాగి ఉందో వెతుకుతారు. వెతికితే ప్రతిదాంట్లోనూ ఏదో ఒకటి దొరుకుతుందని అక్కడ సాయం చేసిన రెండు శీతాకాలాల్లో నాకు తెలిసింది. విన్నిపెగ్ అన్న మాటకే క్రీ భాషలో బురద నీళ్ళని అర్థం. అడ్రసు చెప్పడం నేర్చుకునే రోజునే అది వచ్చేసింది.

ధరలు అడిగే పాఠం నాడు ఆవిడ ఒక అయిదు డాలర్ల నోటు పట్టుకొచ్చారు. దీంతో ఏమొస్తుంది? ఒక కాఫీ, పక్కన చిన్న బిస్కెట్టు. ఆ నగరం ఉన్న నేల గురించి 1871లో లోయర్ ఫోర్ట్ గ్యారీ దగ్గర కుదిరిన ఒకటో ఒడంబడిక కింద మూలవాసులకి ప్రభుత్వం ఇచ్చేది మనిషికి ఏడాదికి మొదట మూడు డాలర్లు, 1875 నుంచి అయిదు డాలర్లు. ఇవాళ్టికీ అయిదే. "స్టిల్ ఫైవ్" అన్న రెండు మాటల్లో 'స్టిల్' అనే మాట ప్రయోగం అందరికీ పట్టుబడింది. ఇంక దాన్ని విడమరచి చెప్పే పని లేకపోయింది.

క్రియల దగ్గర ఆవిడ చేసే పని ఇంకా నాజూకైనది. భూతకాలం నేర్పే పుస్తకాల్లో మూలవాసుల గురించి వాక్యం ఉంటే అది తప్పకుండా 'లివ్డ్' అనే ఉంటుంది. వాళ్ళిక్కడ బతికేవారు, వేటాడేవారు, చేపలు పట్టేవారు. ఆవిడ ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, చివర ఉన్న 'డి'ని వేలితో తుడిచేస్తారు. లివ్. ఇప్పుడు చదవండి. ఒక్క అక్షరం పోయేసరికి, మ్యూజియం అద్దాల వెనక ఉన్నవాళ్ళు బస్సులో మన పక్క సీట్లోకి వచ్చి కూర్చుంటారు. మానిటోబాలో 2023లో ప్రీమియర్ అయిన వాబ్ కిన్యూ ఫస్ట్ నేషన్స్‌ మూలవాసులకి చెందినవాడే. ఒక రాష్ట్రానికి అలా ప్రీమియర్ అయిన మొదటి మనిషి. టీవీలో రోజూ కనిపించే ముఖమే, కానీ 'లివ్డ్' అని చదువుకున్నవాడికి ఆ ముఖానికీ పుస్తకంలోని వాక్యానికీ లంకె దొరకదు.

ఇంకోనాడు బోర్డు మీద మరో వాక్యం: ద ల్యాండ్ వాజ్ టేకెన్. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. ఎవరు తీసుకున్నారో చెప్పండి, అన్నారు. వాక్యంలో ఎంత వెతికినా మనిషి లేడు. అప్పుడు ఖమ్మం నుంచి వచ్చిన పిన్నిగారు నావైపు తిరిగి, "మనం ఇట్లా అనం గదా బాబూ" అంది. నిజమే. భూమి తీసుకోబడింది అని మనం ఆఫీసు కాగితాల్లో రాస్తామేమోగాని ఇంట్లో అనం. భూమి లాక్కున్నారు అంటాం. ఎవరో చెప్పకపోయినా ఆ చివరి 'రు'లో మనుషులున్నారు, ఒకరు కాదు చాలామంది. ఆ మాట నేను టీచరుగారికి ఇంగ్లీషులో చెప్తే ఆవిడ మిగతావాళ్ళని కూడా అడిగారు, మీ భాషలో ఎలా అంటారని. అరగంట సేపు అరబ్బీ, తిగ్రిన్యా, తగలోగ్, పంజాబీ క్రియలు బల్ల మీదికొచ్చాయి. కర్త ఎక్కడ దాక్కుంటాడు, ఎక్కడ దొరికిపోతాడు అన్నదే చర్చ. కర్మణి ప్రయోగం అంత బాగా అర్థమవడం నేనెక్కడా చూడలేదు. కాలేజీలో నాకెవరూ అలా చెప్పలేదు.

పిన్నిగారి గురించి ఇంకొంచెం చెప్పాలి. ఏజెన్సీ ఊళ్ళకి దగ్గర మనిషి. ల్యాండ్ అన్న మాట వినగానే ఆవిడకి కుమురం భీం గుర్తొచ్చాడు. జల్, జంగల్, జమీన్ అని మూడు వేళ్ళు ముడిచి లెక్కపెట్టి చూపించింది. టీచరుగారు వాటిని బోర్డు మీద రాయించుకున్నారు, వాటర్, ఫారెస్ట్, ల్యాండ్ అని. అదే పిన్నిగారు మరో రోజు 'రెసిడెన్షియల్ స్కూల్' అన్న మాట విని ముఖం విప్పారించుకుని, "మా అన్న కొడుకు రెసిడెన్షియల్‌లోనే చదివి ఇంజినీరయ్యాడు" అని చెప్పింది. తప్పు ఆవిడది కాదు. మనకి ఆ మాటంటే 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం, తాడికొండ, కొడిగెనహళ్ళి. సీటొస్తే ఇంటిల్లిపాదీ పండగ చేసుకునే బడి. అదే మాటకి ఇక్కడ ఇంకో అర్థం. ప్రభుత్వమూ చర్చీలూ కలిసి వందేళ్ళకు పైగా దాదాపు లక్షా యాభై వేల మంది మూలవాసుల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి పెట్టిన చోటు. సొంత భాష మాట్లాడితే దండన, జుట్టు కత్తిరింపు, వేల సంఖ్యలో తిరిగిరాని పిల్లలు. ఆఖరివి మూతపడింది 1990ల చివర.

ఇక్కడ తొందరపడే టీచరైతే "నో, నో" అని ఆపేసేది. ఈవిడ ఆపలేదు. పిన్నిగారి ఇంజినీరు కథ పూర్తిగా చెప్పించారు. తర్వాత ఒక నారింజ రంగు చొక్కా మడత విప్పి బల్ల మీద పరిచి, ఫిలిస్ వెబ్‌స్టాడ్ కథ చిన్న చిన్న వాక్యాల్లో చెప్పారు. 1973లో బ్రిటిష్ కొలంబియాలో ఆరేళ్ళ పిల్ల. బడికి పంపేముందు అమ్మమ్మ దుకాణానికి తీసుకెళ్ళి కొనిపెట్టిన మెరిసే నారింజ చొక్కా. మొదటి రోజే బడివాళ్ళు దాన్ని విప్పించి తీసేసుకున్నారు, మళ్ళీ ఇవ్వలేదు. 2013 నుంచి సెప్టెంబరు 30న జనం నారింజ చొక్కాలు వేసుకోవడం ఆ పిల్ల వల్లే. మానిటోబాలో ఇప్పుడది సెలవు రోజు. ఫ్యాక్టరీలో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆవిడ ఆ సెలవు ఎందుకో ఎవరూ చెప్పలేదని అంది. పిన్నిగారు చాలాసేపు చొక్కా అంచు పట్టుకుని కూర్చుంది. రెండు బళ్ళ పేరూ ఒకటే, ఒకదానికి పిల్లల్ని మనం పంపించుకున్నాం, ఇంకోదానికి వాళ్ళు తీసుకుపోయారు. ఇది ఎవరూ చెప్పకుండానే ఆవిడ పోల్చుకుంది. పంపడం, తీసుకుపోవడం. సెండ్, టేక్. మళ్ళీ క్రియలే.

ఇక దుప్పట్లు. ఈ పద్ధతి ఆ టీచరుగారిది కాదు, కెనడా అంతటా పేరున్నది. బ్లాంకెట్ ఎక్సర్‌సైజ్ అంటారు. 1996లో మూలవాసుల స్థితిగతులపై ఒక రాయల్ కమిషన్ అయిదు సంపుటాల నివేదిక ఇచ్చింది, దాదాపు నాలుగు వేల పేజీలు. దాన్ని జనం దాకా ఎలా తీసుకెళ్ళాలన్న ఆలోచనలోంచి, మూలవాసుల పెద్దలూ అధ్యాపకులూ కలిసి కూర్చోగా, 1997లో ఇది పుట్టింది. తర్వాత కైరోస్ అనే చర్చీల కూటమి దీన్ని పెంచి పోషించింది. నాలుగు వేల పేజీలని గచ్చు మీద పరిచిన దుప్పట్లుగా మార్చినవాళ్ళకి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఒక సాయంత్రం మా గదిలో దాన్ని నడపడానికి ఒక అనిషినాబె పెద్దావిడా, ఆమెతో మరో ఇద్దరూ వచ్చారు. బల్లలన్నీ గోడకి జరిపి, గది నిండా రకరకాల దుప్పట్లు అంచులు తగిలేలా పరిచారు. ఈ దేశపు నేలంతా అదే. చెప్పులు విప్పి రమ్మన్నారు. మనవాళ్ళకి, అరబ్బులకి అది వేరే చెప్పనక్కర్లేదు. అందరం దుప్పట్ల మీద అటూ ఇటూ తిరిగాం, ఎదురైనవాళ్ళని పలకరించాం, చేతిలో ఉన్న వస్తువులు ఇచ్చి పుచ్చుకున్నాం. ఇంగ్లీషు సంభాషణ అభ్యాసం అంటే ఇంతకంటే ఏం కావాలి? కాసేపటికి ఒకరు కథ చెప్పడం మొదలుపెట్టారు. ఇంకొకరు బయటినుంచి వచ్చిన దొర మాటలు పలికారు. కథ నడుస్తుండగా మాలో ఒక్కొక్కరికి ఒక చీటీ వస్తుంది, అంకె పిలిచినప్పుడు పైకి చదవాలి. 1670లో ఇంగ్లండు రాజు తాను కంటితో చూడని నేలని హడ్సన్స్ బే కంపెనీకి రాసిచ్చాడు. (మన సర్కారు జిల్లాల్ని 1765లో ఢిల్లీ పాదుషా ఇంకో కంపెనీకి రాసిచ్చిన ఫర్మానా నాకప్పుడే గుర్తొచ్చింది.) మశూచి వచ్చింది. మన ఊళ్ళలో అమ్మవారు పోసింది అనేవారే, అదే. మొదట పంచిన కార్డుల్లో తెల్లది వచ్చినవాళ్ళు, ఆ రోగానికి పోయినట్టు, దుప్పటి దిగాలి. 1876లో ఇండియన్ చట్టం వచ్చింది. కథ ఒక్కో మెట్టు దిగుతున్నప్పుడు దొర వేషంలో ఉన్నాయన వంగి, మా కాళ్ళ కింద దుప్పటి అంచుని మెల్లగా మడుస్తాడు. ఇంకొంచెం. ఇంకొంచెం.

దగ్గరనుంచి చూస్తే దాని నిర్మాణం ఎంత పొదుపో తెలుస్తుంది. ఎవరూ ఎవరినీ నెట్టరు. గొంతు పెంచరు. నటించమని, ఏడవమని ఎవరినీ అడగరు. రెసిడెన్షియల్ స్కూలు ఘట్టంలో కొందరిని తీసుకెళ్ళి దూరంగా వేరే దుప్పటి మీద నిలబెడతారు, అంతే. వాళ్ళు తిరిగొచ్చినప్పుడు మిగతావాళ్ళని వెనక్కి తిరిగి నిలబడమంటారు. సొంత భాష పోయిన పిల్లలు ఇంటికి తిరిగొచ్చినప్పుడు ఎదురైన వీపులు అవి. చివరికి చూస్తే అరచేతి వెడల్పు దుప్పటి ముక్కల మీద ఒంటికాలి మీద నిలబడ్డ నలుగురు మిగిలాం. సిరియా నుంచి వచ్చినావిడ పక్కామె తూలుతుంటే భుజం పట్టుకుని తన దుప్పటి మీదికి లాక్కుంది. అలా చేయమని ఏ చీటీలోనూ లేదు.

భాష నేర్పేవాళ్ళ లోకంలో టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ అని ఒక పద్ధతి ఉంది, 1960లలో జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వవేత్త చెప్పింది. లే, నడు, కూర్చో అని ఆజ్ఞలిస్తూ, ఒంటితో చేయిస్తూ భాషని ఎక్కించడం. దుప్పట్ల ఆటలో వినపడేవీ ఆజ్ఞలే: స్టాండ్ హియర్, స్టెప్ ఆఫ్, టర్న్ అరౌండ్. తరగతిలో ఆరు నెలలుగా సరదాగా చేస్తున్న వాక్యాలే. ఆ సాయంత్రం మాత్రం, ఒక జాతి జనమంతా ఈ వ్యాకరణంలోనే బతకాల్సి వచ్చిందని కాళ్ళకి తెలిసింది.

దీన్ని ఎక్కడైనా ఎలాగైనా చేసేయవచ్చని నేననను. సగం మంది యుద్ధాల్లోంచి పారిపోయి వచ్చిన గదిలో, ఇల్లు పోవడమంటే ఏమిటో తెలిసినవాళ్ళ కాళ్ళ కింద దుప్పటి మడవడం చిన్న విషయం కాదు. టీచరుగారు రెండు వారాల ముందునుంచే ఏం జరగబోతోందో చెప్పారు. రాకపోయినా ఫరవాలేదన్నారు. తలుపు తెరిచే ఉంచారు. చీటీల్లోని కష్టమైన మాటలన్నీ ముందే చదివించారు, మాట తడబడటం వల్ల ఎవరికీ కళ్ళు దించుకునే పరిస్థితి రాకూడదని. ఆ ముందు జాగ్రత్త లేకుండా దీన్ని ఏదో ఒక రోజు కార్యక్రమంగా ముగించే చోట్ల పని సగమే అవుతుందని నా నమ్మకం.

ఆట తర్వాత గుండ్రంగా కూర్చున్నాం. పెద్దావిడ ఒక గుండ్రాయి ఇచ్చారు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. మాట్లాడాలని లేకపోతే "ఐ పాస్" అని పక్కవాళ్ళకి ఇవ్వవచ్చు. తరతరాల నాటి ఈ మర్యాద కొత్తగా ఇంగ్లీషు మాట్లాడేవాడికి ఎంత మేలు చేస్తుందో ఆ రోజు చూశాను. మామూలు సంభాషణలో వాడికి వంతే రాదు. మాట వెతుక్కునేలోపు ఇంకొకడు అందుకుంటాడు. ఇక్కడ రాయి చేతిలో ఉన్నంతసేపు సమయమంతా వాడిదే. ఎరిత్రియా యువకుడు ఒక వాక్యం కోసం నిమిషం పైన ఆగాడు. ఎవరూ అందించలేదు. "ఐ కేమ్ టు దిస్ బ్లాంకెట్ లేట్. వేర్ డు ఐ స్టాండ్?" అన్నాడు చివరికి. పెద్దావిడ జవాబు చెప్పడానికి తొందరపడలేదు. రాయి మళ్ళీ తన దాకా వచ్చినప్పుడు, ఒడంబడిక రెండు వైపులవాళ్ళదీ అనీ, ఈ నేల మీద ఇల్లు కట్టుకున్న ప్రతివాడూ అందులో ఉన్నట్టేననీ మాత్రం అన్నారు. మానిటోబాలో బళ్ళలో పిల్లలకి కూడా ఆ మాటే చెప్తారు, మనమందరం ఒడంబడిక మనుషులమని.

రికన్సిలియేషన్ అన్న మాట ఆ ఏడాది చివరిదాకా బోర్డు మీదికి రాలేదు. అది కావాలనే చేశారని తర్వాత అర్థమైంది. వచ్చిన రోజు పిన్నిగారు తెలుగులో ఏమిటని అడిగింది. సయోధ్య అన్నాను. "అంటే రాజీ పడటమా?" అంది. కాదనబోయి ఆగాను. "రాజీ అంటే మా దిక్కు దెబ్బ తిన్నోణ్ణే సర్దుకొమ్మంటరు" అంది. అదే మాట తిప్పలుపడి ఇంగ్లీషులో టీచరుగారికీ చెప్పింది. ఆవిడ కమిషన్ పేరు బోర్డు మీద రాసి, ట్రూత్ అన్న మాట ముందుందని చూపించారు. ముందు అది, తర్వాతే ఇది.

వసంతం వచ్చేసరికి పిన్నిగారికి పౌరసత్వ ప్రమాణం తేదీ ఖరారైంది. 55 దాటిన వయసు గనుక పరీక్ష లేదు, ప్రమాణం మాత్రం తప్పదు. 2021 జూన్ 21 నుంచి ఆ ప్రమాణం మారింది. ఫస్ట్ నేషన్స్, ఇన్యుయిట్, మెటి ప్రజల హక్కుల్నీ ఒడంబడిక హక్కుల్నీ రాజ్యాంగం గుర్తించి స్థిరపరుస్తోందన్న మాట అందులో చేరింది, 94వ పిలుపు కోరినట్టే. పలకడానికి పొడుగు వాక్యం. టీచరుగారు దాన్ని ముక్కలు ముక్కలుగా కత్తిరించి, బల్ల మీద పేర్చి చదివించారు. 'రికగ్నైజెస్' దగ్గర ఆవిడ నాలుక మడతపడేది. రెండు వారాలు అక్కడే ఆగింది.

ఒక సాయంత్రం టీచరుగారు 'రికగ్నైజెస్' అన్న కాగితం ముక్క తీసేసి ఆ చోట 'గివ్స్' అన్న ముక్క పెట్టారు. ఇది పలకడం తేలిక కదా, ఇలా ఉంటే ఏమవుతుంది, అని అడిగారు. పిన్నిగారు రెండు ముక్కల్నీ చెరో చేతిలోకి తీసుకుంది. గివ్ ఉన్న చేతిని తన గుండెకి ఆనించుకుని, "ఫస్ట్, మై హ్యాండ్" అంది. ఇవ్వాలంటే ముందు నా దగ్గర ఉండాలని. రెండో చెయ్యి చాచి పటం వైపు, ఆ సరస్సు వైపు చూపించి, "దిస్ వన్, ఆల్రెడీ దెయిర్ హ్యాండ్" అంది. 'గివ్స్' ముక్కని బల్ల చివరకి తోసేసి, 'రికగ్నైజెస్'ని మళ్ళీ దాని చోట్లో పెట్టింది. తర్వాతి ముక్క చదవడం ఎరిత్రియా యువకుడి వంతు.